మనుషులను చంద్రుడికి తీసుకెళ్లే రాకెట్: తయారీ, పరీక్షలు – తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్సు కబుర్లు చెప్పడానికి అప్పుడప్పుడూ బళ్లకు వెళ్తుంటాను. చంద్రయాన్‌తో మొదలుపెట్టినా మాట చివరికి మనుషులను మళ్లీ చంద్రుడికి పంపే నాసా కార్యక్రమం ఆర్టెమిస్ మీదికే పోతుంది. పిల్లలు అడిగేవి ఒక రకం, వెనక బెంచీలో కూర్చున్న మాస్టార్లు అడిగేవి ఇంకో రకం. రెండూ కలిపి ఇక్కడ రాశాను. ఎక్కువ జవాబులు ఎస్ఎల్ఎస్ అనే రాకెట్ చుట్టూ తిరుగుతాయి. దాన్ని ఎలా కట్టారు, నేలమీద ఎన్ని రకాలుగా హింసపెట్టి చూశారు అన్నదే నాకు అన్నిటికన్నా ఆసక్తి.

అసలు ఏమిటీ ఎస్ఎల్ఎస్?

స్పేస్ లాంచ్ సిస్టమ్. ఎత్తు 98 మీటర్లు. మధ్యలో నారింజ రంగు స్తంభం లాంటిది కోర్ స్టేజ్, దానికి రెండు పక్కలా తెల్లటి ఘన ఇంధన బూస్టర్లు, పైన ఒక చిన్న క్రయోజెనిక్ (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే) దశ, దానిమీద మనుషులు కూర్చునే ఓరియన్ నౌక. ఆర్టెమిస్ 1 పేరుతో 2022 నవంబరు 16న, మనుషులు లేకుండా, మొదటిసారి ఎగిరింది. ఓరియన్ చంద్రుణ్ణి చుట్టి డిసెంబరు 11న పసిఫిక్ సముద్రంలో దిగింది.

1969లోనే వెళ్లొచ్చారుగా. ఆ సాటర్న్ 5 నే మళ్లీ తయారుచేస్తే పోయేదిగా?

ఈ ప్రశ్న పడని సభ లేదు. డ్రాయింగులు పోయాయన్నది పుకారు, అవి ఉన్నాయి. లేనిది ఆ డ్రాయింగుల చుట్టూ ఉన్న లోకం. విడిభాగాలు సరఫరా చేసిన కంపెనీలు మూతబడ్డాయి, కొన్ని వేరే వాటిలో కలిసిపోయాయి. సాటర్న్ 5 అడుగున ఉండే ఎఫ్-1 ఇంజిన్‌లో చాలా వెల్డింగు చేతిపని. బొమ్మలో గీసినట్టు అతకకపోతే పనివాడు తన అనుభవంతో సర్దేవాడు. ఆ సర్దుబాటు కాగితం మీదికి ఎక్కలేదు. అమ్మమ్మ ఆవకాయ కొలతలు మన దగ్గరే ఉంటాయి, ఆ రుచి మాత్రం రాదు. ఇదీ అలాంటిదే. పైగా ఇవాళ ఎవరైనా కూర్చుని చేస్తే కంప్యూటర్లతో, కొత్త లోహాలతో చేస్తారు, అప్పుడది సాటర్న్ 5 ఎలా అవుతుంది?

ఎస్ఎల్ఎస్ బలం సాటర్న్ 5 కన్నా ఎక్కువ, చంద్రుడి వైపు మోసే బరువేమో తక్కువ. ఇదేం లెక్క?

లెక్క సరైనదే. నేల వదిలేటప్పుడు ఎస్ఎల్ఎస్ తోపుడు దాదాపు 40 లక్షల కిలోలు, సాటర్న్ 5 ది సుమారు 34 లక్షలు. అయితే ఎస్ఎల్ఎస్ బలంలో నాలుగింట మూడు వంతులు బూస్టర్లదే, అవి రెండు నిమిషాల్లో కాలి ఊడిపోతాయి. తర్వాత అసలు పని పైదశది. సాటర్న్ 5 కి పైన భారీ దశలు ఉండేవి. ఎస్ఎల్ఎస్ మొదటి రూపంలో పైదశకు ఉన్నది ఒకే ఒక్క ఆర్ఎల్-10 ఇంజిన్. అందుకే సాటర్న్ 5 నలభై టన్నులు దాటి చంద్రుడి వైపు పంపితే, ఇది 27 టన్నుల దగ్గర ఆగుతుంది. ఓరియన్‌కు అది చాలు. చంద్రుడి మీద దిగే వాహనాన్ని కూడా దాంతోపాటే మోసుకుపోవడం మాత్రం కుదరదు, అది వేరే రాకెట్ మీద రావాలి.

కోర్ స్టేజ్‌ను ఎక్కడ, ఎలా కడతారు?

న్యూ ఆర్లీన్స్‌లోని మిషూ ఫ్యాక్టరీలో, బోయింగ్ ఆధ్వర్యంలో. 65 మీటర్ల పొడవు, 8.4 మీటర్ల వ్యాసం. లోపల రెండు ట్యాంకులు. పైదాంట్లో సుమారు 7.4 లక్షల లీటర్ల ద్రవ ఆక్సిజన్, కిందదాంట్లో 20 లక్షల లీటర్ల ద్రవ హైడ్రోజన్. హైడ్రోజన్ ట్యాంకు అంత పెద్దదెందుకో తూకం వేస్తే తెలుస్తుంది. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు ద్రవ హైడ్రోజన్ 71 గ్రాములే. బరువు లేదు గానీ చోటంతా తినేస్తుంది.

ఈ అల్యూమినియం రేకులను మామూలు వెల్డింగ్‌లా కరిగించి అతకరు. గిర్రున తిరిగే ఒక పిన్నును రెండు రేకుల అంచుల మధ్య దించుతారు. ఆ రాపిడికి లోహం కరగదు, మెత్తబడుతుంది. పిన్ను దాన్ని కలియబెట్టుకుంటూ ముందుకు పోతుంది. రెండు పిండి ముద్దలను ఒకటిగా పిసికినట్టు వెనకాల అతుకు పడిపోతుంది. దీన్ని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అంటారు. ట్యాంకు ముక్కలను నిలబెట్టి అతకడానికి యాభై మీటర్ల పైచిలుకు ఎత్తున ఒక యంత్రం కట్టారు. తీరా చూస్తే దాని నిలువులోనే వెంట్రుకవాసి వంపు ఉంది. సరిచేసేసరికి నెలలు పోయాయి. 2017 ఫిబ్రవరిలో సుడిగాలి వచ్చి అదే ఫ్యాక్టరీ పైకప్పు లేపేసింది. ఆలస్యాలన్నీ ఇంజినీర్ల ఖాతాలో వేసే ముందు ఇలాంటివి కూడా గుర్తుపెట్టుకోవాలి.

లక్షణంగా ఉన్న ట్యాంకును కావాలనే పగలగొట్టారట, నిజమా?

నిజం, అదీ చాలా ఓపిగ్గా. అలబామాలోని హంట్స్‌విల్‌లో, మార్షల్ కేంద్రంలో జరిగింది. ఎగరడానికి కాదు, విరగడానికే ఒక హైడ్రోజన్ ట్యాంకును ప్రత్యేకంగా కట్టారు. ఉక్కు చట్రాల మధ్య నిలబెట్టి నలువైపులా హైడ్రాలిక్ జాకీలతో నొక్కారు, లాగారు, వంచారు. 2019 డిసెంబరు 5న చివరి పరీక్ష. ఎగిరేటప్పుడు పడుతుందనుకున్న భారానికి రెండున్నర రెట్లకు పైగా (260 శాతం) మోపితే, ఐదు గంటలకు పైగా ఓర్చుకుని అప్పుడు సొట్టబడి చీలింది. చీలడం గొప్ప కాదు. ముందుగా సొట్టపడింది కంప్యూటర్ లెక్కలు చెప్పిన చోటే, చెప్పిన భారానికి మూడు శాతం తేడాలోనే. అంటే మిగతా ట్యాంకుల విషయంలో లెక్కను నమ్మొచ్చన్నమాట. 2020 జూన్‌లో ఆక్సిజన్ ట్యాంకుకూ అదే గతి పట్టించారు.

ఇంజిన్లు పాతవే వాడారా?

అవును. ఆర్ఎస్-25 అంటే స్పేస్ షటిల్‌కు వాడిన ఇంజినే. షటిల్ 2011లో ఆగిపోయాక పదహారు మిగిలాయి. ఆర్టెమిస్ 1 లోని నాలుగూ అంతకుముందు షటిళ్ల మీద అంతరిక్షానికి వెళ్లొచ్చినవే. కంట్రోలర్ కంప్యూటర్లు మార్చి, తోపుడు కాస్త పెంచి బిగించారు.

"సెకండ్ హ్యాండా?" అని నవ్వకండి. లోపల మంట సుమారు 3,300 డిగ్రీల సెల్సియస్. ఆ మంట ఒరుసుకుంటూ పోయే నాజిల్ గోడ వెయ్యికి పైగా సన్నటి గొట్టాలను పక్కపక్కన పేర్చి అతికింది. వాటిలో గడ్డకట్టించే చలితో హైడ్రోజన్ పారుతూ గోడను కాపాడుతుంది. గోడకు ఒక పక్క కొలిమి, ఇంకో పక్క మంచు, మధ్యన రేకు మందం! ఇంత మంచి ఇంజిన్‌ను షటిల్ అయితే మళ్లీ మళ్లీ వాడుకుంది, ఎస్ఎల్ఎస్ మాత్రం ఒక్కసారి వాడి సముద్రంలో పడేస్తుంది. నాకు మనసొప్పని విషయం ఇదొక్కటే.

2021లో ఇంజిన్లు 67 సెకన్లకే ఆగిపోయాయి. అది ఫెయిల్యూర్ కాదా?

ఆ రోజు టీవీల్లో అలాగే వచ్చింది. మిసిసిపీలోని స్టెనిస్ కేంద్రంలో బి-2 అనే టెస్ట్ స్టాండ్ ఉంది. 2020 జనవరిలో కోర్ స్టేజ్‌ను పెగాసస్ అనే బార్జీలో నీళ్ల మీదుగా తెచ్చి దాంట్లో బిగించారు. ఎనిమిది పరీక్షల వరుస, మొత్తానికి గ్రీన్ రన్ అని పేరు. మధ్యలో కోవిడ్, తుపానులు. చివరిదే హాట్ ఫైర్. రాకెట్‌ను కట్టేసి, నాలుగు ఇంజిన్లూ ఒకేసారి, ఎగిరేటప్పుడు మండినంత సేపూ మండించడం. ఎనిమిది నిమిషాలు మండాల్సింది 2021 జనవరి 16న 67.2 సెకన్లకే కంప్యూటర్ ఆపేసింది.

ఎందుకంటే, ఇంజిన్లను అటూ ఇటూ తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలో ఒక రీడింగ్ హద్దు దాటింది. ఆ హద్దు నేలమీద పరీక్ష కోసమని బాగా బిగించి పెట్టినది. ఎగిరే రాకెట్ ఇదే కాబట్టి దీనికి చిన్న దెబ్బ కూడా తగలకూడదు. అదే ఆకాశంలో జరిగుంటే ఆగేది కాదని నాసా చెప్పింది. మార్చి 18న మళ్లీ మండిస్తే 499.6 సెకన్లు నిలబడింది.

ఇంట్లో ఫ్యూజు కొట్టేస్తే తిట్టుకుంటాం. ఇల్లు అంటుకోకుండా ఆపింది అదేగా! అయినా రెండో పరీక్షకు రెండు నెలలు పట్టింది, అది నిజమే.

బూస్టర్లను ఎలా పరీక్షిస్తారు?

యూటా ఎడారిలో పడుకోబెట్టి. ఒక్కోటి 54 మీటర్ల పొడవు, ఐదు ముక్కలు. ఒకసారి వెలిగించాక ఆపే మీట లేదు, ఆఖరి గ్రాము వరకూ రెండు నిమిషాల పాటు కాలిపోవాల్సిందే. అందుకే కాల్చే ముందే అన్నీ తేల్చుకోవాలి. 2015 మార్చిలో ఒకదాన్ని ఎండాకాలం వేడికి వేడెక్కించి కాల్చారు, 2016 జూన్‌లో ఇంకోదాన్ని చలికాలం చలికి చల్లబరిచి కాల్చారు. ఈ చలి పరీక్ష వెనక ఒక విషాదం ఉంది. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ కూలిపోవడానికి కారణం, ఆ ఉదయపు చలికి బూస్టర్ ముక్కల మధ్య రబ్బరు సీలు బిగుసుకుపోవడమే. ఏడుగురు పోయారు.

హైడ్రోజన్ లీకు, హైడ్రోజన్ లీకు అని ప్రతిసారీ వింటాం. ఒక్క లీకు ఆపలేరా?

కొత్త సిలిండర్ బిగించాక రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి బుడగ వస్తోందా అని చూస్తాం కదా, ఇదీ అదే పని. ఇబ్బందంతా ఈ గ్యాసుతోనే. హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, చాలా గ్యాసులు దూరలేని సందులో కూడా దూరుతుంది. పైగా మైనస్ 253 డిగ్రీలు. ఆ చలికి లోహాలు, సీళ్లు అన్నీ కుంచించుకుపోతాయి, ఒక్కోటి ఒక్కోలా. సాయంత్రం గది వేడిలో గట్టిగా ఉన్న సీలు, రాత్రి ట్యాంకు నింపేటప్పుడు వదులవుతుంది. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం దాటితే నిప్పు అంటుకోగలదు, కాబట్టి దగ్గర్లో ఉన్న సెన్సార్ నాలుగంటే ఆపేస్తారు.

2022 సెప్టెంబరు 3న జరిగిందదే. రాకెట్‌కూ లాంచర్‌కూ మధ్య 8 అంగుళాల గొట్టం ఉంది. రాకెట్ లేవగానే తనంతట తాను ఊడిపోవాలి, అప్పటిదాకా చుక్క కారకూడదు. గట్టిగా పట్టుకోవాలి, తేలిగ్గా వదిలేయాలి. ఇలాంటిదాన్ని తయారుచేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అక్కడ లీకు ఆగలేదు, ప్రయోగం ఆగింది. సీళ్లు మార్చి, ఆ నెల 21న ట్యాంకులు నింపే పరీక్ష మళ్లీ చేశారు. ఈసారి కిటుకు యంత్రాల్లో కాదు, చేసే తీరులో: పీడనం నెమ్మదిగా పెంచారు, గొట్టాలను తొందరపెట్టకుండా చల్లబడనిచ్చారు. వేడి గాజుగ్లాసులో ఐసునీళ్లు ఒక్కసారి గుమ్మరించకూడదని అమ్మ ఎందుకు చెబుతుందో అందుకే.

దానికి ముందు ఆగస్టు 29న ఆపింది మాత్రం హైడ్రోజన్ లీకు వల్ల కాదు. మూడో ఇంజిన్ చల్లబడలేదని ఒక సెన్సార్ చెప్పింది. ఇంజిన్ బాగానే ఉంది, తప్పు చెప్పింది సెన్సారే అని తర్వాత తేలింది. పెళ్లివారు వచ్చాక ముహూర్తం వాయిదా పడ్డట్టు, లక్షల మంది బీచిలో కూర్చుని ఇంటికెళ్లారు.

ప్రయోగం రోజు రాత్రి ప్యాడ్ దగ్గరికి మనుషులు వెళ్లారట?

వెళ్లారు. నాకు ఆర్టెమిస్ 1 లో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టమిదే. నవంబరు 15 రాత్రి. ట్యాంకులు దాదాపు నిండాయి, రాకెట్ పొగలు కక్కుతూ ఉంది. లాంచర్ అడుగున ఒక హైడ్రోజన్ వాల్వు కారుతోంది. ప్రయోగ సారథి చార్లీ బ్లాక్‌వెల్ థాంప్సన్ "రెడ్ క్రూ" ను పంపారు. ముగ్గురు. నిండు రాకెట్ కిందికి వెళ్లి, వదులైన నట్లు పానాతో బిగించి తిరిగొచ్చారు. వందల కోట్ల కంప్యూటర్ల మధ్య ఆ రాత్రి పనికొచ్చింది పానా.

అది ముగిసిందనుకుంటే, రాకెట్ దారితప్పితే పేల్చేసే భద్రతా విభాగం వైపు ఒక ఈథర్‌నెట్ స్విచ్ చెడిపోయింది. మార్చారు. 1:04కి ఎగరాల్సింది 1:47కి ఎగిరింది. మనకప్పుడు మధ్యాహ్నం 12:17. వారం ముందే నికోల్ తుపాను అదే ప్యాడ్ మీదుగా పోయింది, రాకెట్ అక్కడే నిలబడి తట్టుకుంది.

మనుషులు కూర్చున్నాక ఏదైనా అయితే?

ఓరియన్ నెత్తిన సన్నటి గోపురం లాంటిది ఉంటుంది. అది తప్పించుకునే రాకెట్. కింద ప్రమాదం జరిగితే నౌకను లాక్కుని దూరంగా పోతుంది. 2019 జూలై 2న ఫ్లోరిడాలో నమూనా నౌకతో దీన్ని ఎగిరే దశలోనే పరీక్షించారు. సుమారు 9 కిలోమీటర్ల ఎత్తులో, వేగం మీదున్నప్పుడు మీట నొక్కారు. నౌక తప్పించుకుంది. పారాచూట్లు మాత్రం పెట్టలేదు, అవి వేరుగా అరిజోనాలో పరీక్ష పాసయ్యాయి. ఆ నమూనా సముద్రాన్ని ఢీకొని మునిగిపోయింది. దానికి ముందే సమాచారం దాచుకున్న రికార్డర్లను బయటికి విసిరేసింది.

ఆర్టెమిస్ 1 లో ఓరియన్ వేడి కవచం ఊడిపోయిందన్న వార్త?

పూర్తిగా కాదు, పెచ్చులు లేచాయి. వందకు పైగా చోట్ల. చంద్రుడి నుంచి వచ్చే నౌక గంటకు సుమారు 40,000 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దిగుతుంది, అడుగున వేడి 2,700 డిగ్రీలు దాటుతుంది. అవ్‌కోట్ అనే పదార్థం తాను మాడి రాలిపోతూ లోపలివాళ్లను కాపాడాలి. సన్నగా, సమంగా మాడాలి. ఆర్టెమిస్ 1 లో ముక్కలుగా లేచిపోయింది.

కారణం కనుక్కోవడానికి రెండేళ్లు పట్టింది. 2024 డిసెంబరులో చెప్పారు. ఓరియన్ ఒక్కసారిగా దిగదు. చెరువులో పెంకు విసిరితే ఎగిరిపడినట్టు, గాలిని ఒకసారి తాకి, పైకి లేచి, మళ్లీ దిగుతుంది. ఆ మధ్య విరామంలో బయట వేడి తగ్గింది, కవచం లోపల మాత్రం గ్యాసులు పుడుతూనే ఉన్నాయి. పైపొర తగినంత మాడకపోవడంతో గ్యాసు బయటికి పోయే సందులు ఏర్పడలేదు. లోపలే ఒత్తిడి పెరిగి పగుళ్లు. వంకాయ కాల్చేముందు గాట్లు పెట్టకపోతే ఏమవుతుందో అదే అయింది.

అసలు విచిత్రం వేరే ఉంది. నేలమీద పరీక్షల్లో కవచాన్ని ఇంతకన్నా ఎక్కువ వేడితో కాల్చారు. ఆ వేడికి పైపొర బాగా మాడి, సందులు తెరుచుకుని గ్యాసు హాయిగా పోయింది. లోపం కనపడలేదు. ఎక్కువ మంట మీద పాసైంది, తక్కువ మంట మీద తప్పింది! పరీక్ష ఎంత కఠినంగా ఉంటే అంత మంచిదన్న నా నమ్మకాన్ని ఇది కాస్త కదిలించింది. లోపల మనుషులుండి ఉంటే వాళ్లకు ఏమీ అయ్యేది కాదని కొలతలు చెప్పాయి. మనుషులతో వెళ్లే ఆర్టెమిస్ 2 కవచం అప్పటికే బిగించి ఉంది కాబట్టి దాన్ని మార్చకుండా, తిరిగొచ్చే దారిని మార్చాలని నిర్ణయించారు.

ఆ నారింజ రంగు ఎందుకు?

రంగు వెయ్యలేదు కాబట్టి. అది చలి బయటికి పోకుండా చల్లిన నురగ. చల్లినప్పుడు లేత పసుపు, ఎండ తగిలేకొద్దీ ముదురుతుంది. పెయింటు వేస్తే అదో బరువు.

స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ స్టార్‌షిప్ సంగతి?

2021లో స్పేస్‌ఎక్స్‌కు, 2023లో బ్లూ ఆరిజిన్‌కు చంద్రుడి మీద దించే వాహనాల కాంట్రాక్టులు ఇచ్చారు. స్టార్‌షిప్ పరీక్షల పద్ధతే వేరు. నేలమీద ఏళ్ల తరబడి నలిపి చూడకుండా, ఎగరేసి, పేలితే ఎందుకు పేలిందో చూసి ఇంకోటి కడతారు. 2023 ఏప్రిల్ 20న మొదటిది నాలుగు నిమిషాల్లో ముక్కలైంది. 2024 అక్టోబరు 13న తిరిగొచ్చిన బూస్టర్‌ను లాంచ్ టవర్ చేతులతో గాల్లోనే పట్టుకున్నారు. ఏది మేలంటే, చవగ్గా బోలెడు కట్టగలిగినవాళ్లు పేల్చి నేర్చుకోవచ్చు. ఒక్కటే కట్టినవాళ్లు పేల్చుకోలేరు. చంద్రుడి దాకా పోవాలంటే స్టార్‌షిప్‌కు భూకక్ష్యలోనే పలుమార్లు ఇంధనం నింపాలి, అదే దానికి పెద్ద పరీక్ష.

ఖర్చెంత?

నాసా మీద నిఘా ఉండే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2022లో లెక్కకట్టి, మొదటి నాలుగు ప్రయోగాలకు ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లు అవుతుందన్నారు, నౌకతో, నేలమీది ఏర్పాట్లతో కలిపి. ఇలా నిలబడదని కూడా అన్నారు. చంద్రయాన్ 3 తో పోల్చి మనవాళ్లు చంకలు గుద్దుకుంటారు. మనుషులను తీసుకెళ్లి ప్రాణాలతో తేవడం వేరే పని, ఆ పోలిక నిలవదు.

తెలుగువాళ్లకు ఇందులో ఏమైనా పాత్ర ఉందా?

తెలంగాణ మూలాలున్న రాజాచారి 2020 డిసెంబరులో నాసా ప్రకటించిన ఆర్టెమిస్ జట్టు పద్దెనిమిది మందిలో ఒకరు. 2021లో క్రూ-3 యాత్రకు కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చారు. 2023 ఏప్రిల్‌లో ఆర్టెమిస్ 2 కి ఎంపికైన నలుగురు మాత్రం వేరు: రీడ్ వైస్‌మన్, విక్టర్ గ్లోవర్, క్రిస్టినా కాక్, కెనడాకు చెందిన జెరెమీ హాన్సెన్. ఇది చంద్రుణ్ణి చుట్టి రావడానికే, దిగడానికి కాదు. 2023 జూన్‌లో భారత్ కూడా, అంతరిక్షంలో దేశాలు ఎలా నడుచుకోవాలో చెప్పే ఆర్టెమిస్ ఒప్పందం మీద సంతకం పెట్టింది.

ఇక వాయిదాల బాధ మన శ్రీహరికోటకు కొత్తేం కాదు. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్‌వీ-డి5 ఎగరడానికి గంటా పద్నాలుగు నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం కారడం కనిపించి ఆపేశారు. విప్పి, బాగుచేసి, 2014 జనవరి 5న ఎగరేశారు. మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్ పనిచేసి చూపింది ఆ రోజే.

ఆర్టెమిస్ ప్రయోగం వీడియో చూసేటప్పుడు ఏం గమనించాలి?

చివరి పది నిమిషాలు చూడండి, అంతకుముందు గంటల తరబడి నింపడమే. అర నిమిషం ఉందనగా నేలమీది కంప్యూటర్ పెత్తనం రాకెట్‌లోని కంప్యూటర్‌కు అప్పజెబుతుంది. కింద నీళ్లు వరదలా విడుదలవుతాయి. అవి మంట ఆర్పడానికి కాదు, ఇంజిన్ల హోరే రాకెట్‌ను దెబ్బతీయకుండా. ఆరు సెకన్లుందనగా నాలుగు ఇంజిన్లు రెప్పపాటు తేడాతో ఒకదాని వెనక ఒకటి వెలుగుతాయి. రాకెట్ మాత్రం కదలదు. కంప్యూటర్ నాలుగింటినీ ఆ ఆరు సెకన్లూ పరీక్షిస్తూ ఉంటుంది, ఒక్కటి తేడాగా ఉన్నా ఇప్పుడైనా ఆపేయగలదు. సున్నా దగ్గర బూస్టర్లు అంటుకుంటాయి. వాటిని ఆపేవాళ్లు లేరు.